పాత డీజిల్ పికప్: పొద్దున సెల్ఫ్ ఈడుస్తోంది, రివర్స్ గరగరమంటోంది. సెల్ఫ్ మార్చాలా, గేర్‌బాక్స్ విప్పాలా?

టమోటాబండి

అన్నలందరికీ నమస్కారం. బండి 2011 మోడల్ డీజిల్ పికప్. 2.5 లీటర్ల డీఐ ఇంజిన్, మెకానికల్ పంపు, 5 గేర్లు, హైడ్రాలిక్ క్లచ్. మీటరు 2,60,000 దాటింది. మదనపల్లె మార్కెట్‌కు టమోటా తోలే బండి, కాబట్టి తెల్లవారుజామున 3 గంటలకు స్టార్ట్ కావాల్సిందే.

సమస్యలు రెండు.

ఒకటి: పొద్దున చలిలో సెల్ఫ్ కొడితే ఇంజిన్ బరువుగా, ఈడ్చినట్టు తిరుగుతుంది. కొన్నిసార్లు ఒక్క "టక్" శబ్దం వచ్చి ఆగిపోతుంది. తిరిగినా వెంటనే అందుకోదు. హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే పంపు) ఓ 20 సార్లు కొడితే అందుకుంటుంది. మధ్యాహ్నం వేడి మీద ఇంత ఇబ్బంది లేదు. బ్యాటరీ వేసి 8 నెలలైంది, షాపులో లోడ్ టెస్ట్ చేసి బాగుందన్నారు.

రెండు: నిలబడి ఉన్నప్పుడు రివర్స్ వేస్తే గరగర. ఫస్ట్ గేరు బిగుసుకుంటుంది. క్లచ్ పెడల్ రెండు మూడు సార్లు తొక్కి వేస్తే మెత్తగా పడుతుంది. పరుగులో మూడు నుంచి రెండుకి దించేటప్పుడు కూడా అప్పుడప్పుడు గీసుకుంటుంది.

మూడు నెలల కిందట గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మార్పించాం. ఇప్పుడు సెల్ఫ్ కొత్తది వేయాలి, గేర్‌బాక్స్ విప్పి సింక్రో సెట్ (గేరు మెత్తగా పడేలా వేగం సమం చేసే రింగులు) మార్చాలి అంటున్నారు మెకానిక్‌లు. అంత డబ్బు పెట్టేముందు ఇంటి దగ్గర మల్టీమీటరుతో, పానాలతో మేమే చూసుకోగలిగిన పరీక్షలు ఏవైనా ఉంటే చెప్పండి.

---

కర్నూలు_ఎలక్ట్రికల్

తమ్ముడూ, సెల్ఫ్ ఇప్పుడే కొనొద్దు. క్లచ్ పని అయ్యాకే సెల్ఫ్ బరువెక్కిందా, అంతకుముందు నుంచీ ఉందా గుర్తు చేసుకో. గేర్‌బాక్స్ దించాలంటే దాని మీదున్న ఎర్త్ పట్టీని (కరెంటు ఛాసిస్‌కు తిరిగి వెళ్లే వైరును) ఊడదీయాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ పట్టీని మరిచిపోవడం, లేదా తుప్పు, గ్రీజు, పెయింటు మీదే బిగించేయడం చాలా మామూలు. సెల్ఫ్ మోటారుకు రావాల్సిన కరెంటు ప్లస్ వైరులో ఎంత వస్తుందో, ఇంజిన్ బాడీ నుంచి ఎర్త్ దారిలో అంతే తిరిగి వెళ్లాలి. ఆ దారి ఇరుకైతే బ్యాటరీ ఎంత కొత్తదైనా ఉపయోగం లేదు.

మీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టు. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి చక్రాలకు చెక్కలు పెట్టు. ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టాప్ కేబుల్ లాగి ఉంచు, లేదా పంపు మీద స్టాప్ సోలెనాయిడ్ ఉంటే దాని వైరు పీకెయ్యి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే నువ్వు ఈ నాలుగు చోట్ల చూడు.

ముందు బ్యాటరీ రెండు గూటాల (టెర్మినళ్ల) మధ్య. రాత్రంతా ఆగిన బండిలో, సెల్ఫ్ కొట్టకముందు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పడకూడదు.

తర్వాత బ్యాటరీ మైనస్ గూటం నుంచి ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన చోటుకి. తిరిగేటప్పుడు 0.3 వోల్టు లోపు రావాలి. మూడోది, బ్యాటరీ ప్లస్ గూటం నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టుకి. 0.5 దాటకూడదు. నాలుగోది సెల్ఫ్ మీది సోలెనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) మీదే: లావు వైరు వచ్చే బోల్టు నుంచి మోటారులోకి పోయే బోల్టుకి. ఇక్కడ 0.3 దాటితే లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయి. ఆ కాంటాక్టులు, ప్లంజరు మాత్రమే మార్చుకోవచ్చు, మొత్తం సెల్ఫ్ అక్కర్లేదు.

మీటరు కొలిచేది వైరు మీద పోతున్న వోల్టేజీని, కాబట్టి సెల్ఫ్ కొట్టకుండా చూస్తే అన్నీ సున్నాలే వస్తాయి. చాలామంది ఇక్కడే పొరబడి "ఎర్త్ బాగుంది" అనేస్తారు. కంటిన్యుటీ బీప్ పెట్టి చూడటం కూడా దీనికి పనికిరాదు. ఒక్క తీగ పోగు మిగిలినా బీప్ వస్తుంది, కానీ ఆ పోగు మీద 200 ఆంపియర్లు పోవు.

ఇంకో గుర్తు చెప్తా. ఇంజిన్ ఈడుస్తున్నా బ్యాటరీ వోల్టేజీ 10.5, 11 దగ్గరే నిలిచి ఉంటే కరెంటు దారిలో ఎక్కడో అడ్డం ఉంది. అదే 8, 9కి కూలిపోతే బ్యాటరీ అయినా బలహీనం, లేదా సెల్ఫ్ లోపల బుష్‌లు అరిగి ఆర్మేచర్ గీసుకుంటూ కరెంటు మింగేస్తోంది.

లారీ నుంచి వైర్లు వేసి స్టార్ట్ చేయడం మాత్రం వద్దు. చాలా లారీలవి 24 వోల్టులు. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది నిజమే, కానీ డైనమో డయోడ్లు, రెగ్యులేటరు, బల్బులు పోతాయి.

---

డీజిల్_పంపు_పని

సెల్ఫ్ సంగతి పై అన్న చెప్పారు. "20 సార్లు ప్రైమర్ కొడితే అందుకుంటుంది" అన్న ముక్క మాత్రం వేరే జబ్బు. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు లైనులో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోయి, ఆ స్థానంలో గాలి చేరుతోంది. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌కు గాలి కూడా తోడైతే ఇక అందుకోదు.

పొద్దున సెల్ఫ్ కొడుతుండగా సైలెన్సర్ వైపు ఒకరిని చూడమనండి. తెల్లపొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తోంది, మండటం లేదు. అప్పుడు తిరిగే వేగం, నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి), టైమింగ్, కంప్రెషన్ చూడాలి. పొగ అసలు లేకపోతే డీజిలే చేరడం లేదు. ఈ ఒక్కటి చూడకుండా నాజిళ్లు విప్పితే డబ్బు దండగ.

గాలి ఎక్కడ పీలుస్తోందో పట్టుకోవడానికి ఫిల్టరు నుంచి పంపుకు వెళ్లే గొట్టం స్థానంలో అర మీటరు పారదర్శకమైన డీజిల్ గొట్టం తాత్కాలికంగా వేయండి. మామూలు నీళ్ల గొట్టం వద్దు, మెత్తబడిపోతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు టార్చి వేసి చూస్తే ఆవగింజంత బుడగలు వరసగా పోవడం కనిపిస్తుంది. కనిపిస్తే ట్యాంకు వైపు నుంచి ఒక్కొక్క జాయింటూ చూసుకుంటూ రండి. ఎక్కువగా దొరికేవి ఇవి: బాంజో బోల్టుల (డీజిల్ లోపలి నుంచి పోయే బోలు బోల్టుల) కింద రాగి వాషర్లు (ఒకసారి నలిగినవి మళ్లీ వాడకూడదు), ఫిల్టరు గిన్నె సీలు, ప్రైమర్ మొదలు దగ్గర ఓరింగ్, క్లిప్పు కింద సన్నగా పగిలిన రబ్బరు గొట్టం. గాలి పీల్చే చోట డీజిల్ కారాలని లేదు. అది పీల్చే వైపు లైను, బయట తడి లేకపోయినా లోపలికి గాలి లాగుతుంది.

గొట్టం మార్చే ఓపిక లేకపోతే ఒక రాత్రి బండి ముందుభాగం పల్లానికి ఉండేలా ఆపండి. ట్యాంకు ఎత్తులో, ఇంజిన్ దిగువన ఉంటుంది. ఆ పొద్దున వెంటనే అందుకుంటే డీజిల్ వెనక్కి జారడమే కారణం. జాయింట్లన్నీ బాగున్నా జారుతుంటే ఫీడ్ పంపులోని వాల్వులు ఆనడం లేదు. కిట్ వేసుకోవచ్చు.

గాలి తీయడం: ఫిల్టరు పైనున్న బ్లీడ్ స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, బుడగలు ఆగి నిండు ధార వచ్చేవరకు ప్రైమర్ కొట్టి, ప్రైమర్ నొక్కి ఉండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ కూడా అలాగే. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ పైపుల నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. చిమ్మే చోట చేయి అడ్డం పెట్టొద్దు, ఆ ఒత్తిడి చర్మంలోకి దూరుతుంది.

స్టాప్ కేబుల్ కూడా చూడండి. తుప్పు పట్టి సగంలోనే ఆగిపోతే పంపు లీవరు పూర్తిగా తెరుచుకోదు. చేత్తో లీవరును రన్ వైపు తోసి చూస్తే తెలిసిపోతుంది.

ఎయిర్ ఫిల్టరులో పెట్రోలు, ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు మాత్రం మానండి. డీజిల్ ఇంజిన్‌లో అది వేళ కాని వేళ మండి పిస్టన్ రింగుల గాడులు విరగ్గొడుతుంది. మానిఫోల్డులో హీటర్ ఉన్న బండి అయితే మంట బయటికి తన్నుతుంది.

---

ఆటోనగర్_గేర్‌బాక్స్

గేర్‌బాక్స్ విప్పనివ్వొద్దు. పెడల్ రెండు సార్లు తొక్కితే మెత్తగా పడుతోందంటే జబ్బు గేర్‌బాక్స్ బయటే ఉంది.

ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. హాయిగా పడుతుంటే రాడ్డు, బుష్‌లు, ఫోర్కులు బాగానే ఉన్నట్టు. తర్వాత ఇంజిన్ ఐడిలింగ్‌లో, న్యూట్రల్‌లో, క్లచ్ పూర్తిగా తొక్కి 5 సెకన్లు ఆగి రివర్స్ వేయండి. పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి రివర్స్‌కు సింక్రో ఉండదు, అందుకే క్లచ్ పూర్తిగా విడవకపోతే ముందు అరిచేది రివర్సే. 5 సెకన్లు ఆగినా గరగరమంటే ప్లేటు ఫ్లైవీల్‌ను వదలడం లేదు.

ఇక్కడ మూడు దారులు. పెడల్ పంప్ చేస్తే బాగవుతుందా? లైనులో గాలి. మీది ఇదే అనిపిస్తోంది. పెడల్ తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి దిగి, గేరులో ఉన్న బండి పాకుతుందా? మాస్టర్ సిలిండర్ (పెడల్ దగ్గరిది) రబ్బరు కప్పు లోపల వదిలేస్తోంది, బయటికి చుక్క కారకపోయినా సరే. ఎన్నిసార్లు తొక్కినా మార్పు లేదా? ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్ పట్టేయడం, ప్లేటు వంకర, స్ప్లైన్ మీద ప్లేటు జారకపోవడం, ఫోర్క్ కింది గుండు అరగడం, వీటిలో ఒకటి. మొదటి రెండింటికీ గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

కొలత తీసుకోండి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కుతుంటే స్లేవ్ సిలిండర్ (గేర్‌బాక్స్ దగ్గర క్లచ్ ఫోర్క్‌ను తోసేది) పుష్‌రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతోందో స్కేలు పెట్టి చూడండి. మొదటిసారి ఎంత, మూడోసారి ఎంత, రెండూ రాయండి. రెండింటికీ తేడా ఉంటే ఆ తేడా గాలిదే.

---

టమోటాబండి

అందరికీ చాలా థాంక్స్. ఈ పొద్దున కొలిచాను.

సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ మీద 10.6. మైనస్ గూటం నుంచి బ్లాకుకి 2.1 వోల్టులు! మైనస్ నుంచి ఛాసిస్‌కి 0.1 మాత్రమే. ప్లస్ వైపు 0.4. సోలెనాయిడ్ మీద 0.2. కిందికి దూరి చూస్తే గేర్‌బాక్స్ మీద పట్టీ ఉంది, కానీ దాని కన్ను ఆయిల్ మట్టి మీదే బిగించి ఉంది. బోల్టు తీస్తే కన్ను అడుగున పచ్చటి పొడి, ఒక అంచు మాత్రమే మెరుస్తోంది.

పుష్‌రాడ్ మొదటి తొక్కుకి 8 మి.మీ., మూడోదానికి 13. పట్టుకుంటే పెడల్ దిగడం లేదు. పొద్దున పొగ లేదు, ప్రైమర్ కొట్టాక తెల్లపొగ వచ్చి అందుకుంది.

రెండు సందేహాలు. ఆ "టక్" శబ్దం కూడా ఎర్త్ వల్లేనా? క్లచ్ గాలి తీశాక కూడా రెండో గేరు గీసుకుంటే?

---

కర్నూలు_ఎలక్ట్రికల్

లెక్క చూడు. బ్యాటరీ దగ్గర 10.6, దారిలో 2.1, 0.4, 0.2 పోతే మోటారుకు అందేది 7.9. ఆ వోల్టేజీతో చలిలో డీజిల్ ఇంజిన్ తిరగడమే గొప్ప. ఎర్త్ సరిగా లేనప్పుడు ఆ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ లోంచో, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లోంచో దారి వెతుక్కుంటుంది, కేబుళ్లు వేడెక్కి లోపల పట్టేస్తాయి. యాక్సిలరేటర్ బిగువుగా ఉంటే దాన్ని కూడా చూడు.

పట్టీని మళ్లీ బిగించకు, కొత్తది వేయి. కనీసం 35 చదరపు మి.మీ. రాగి వైరు, రెండు వైపులా ప్రెస్ చేసిన కన్నులు. గేర్‌బాక్స్ మీద, ఛాసిస్ మీద ఆనే చోట ఇనుము మెరిసేదాకా ఎమరీతో గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు పూయి. గ్రీజు ముందు కాదు. వీలైతే బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్‌కు ఇంకో వైరు వేస్తే మరీ మంచిది. తర్వాత అదే కొలత మళ్లీ తీయి, 0.3 లోపు రావాలి.

"టక్" ఎర్త్ వల్ల కావచ్చు. ఎర్త్ సరిచేశాక కూడా వస్తే సోలెనాయిడ్ మీది సన్న వైరులో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత వస్తోందో చూడు. 9 కంటే తక్కువైతే తాళం స్విచ్చి కాంటాక్టులు అరిగాయి. స్విచ్చి మార్చేబదులు 40 ఆంపియర్ల రిలే వేసుకోవచ్చు: 30వ పిన్నుకు బ్యాటరీ ప్లస్ 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా, 87 నుంచి సోలెనాయిడ్ సన్న పిన్నుకు, తాళం నుంచి వచ్చే పాత వైరు 86కి, 85 ఎర్త్‌కి. తాళం మీద భారం తగ్గిపోతుంది.

సెల్ఫ్ ఒకసారికి 10 సెకన్లు మించి పట్టుకోవద్దు. మధ్యలో అర నిమిషమైనా ఆపు.

---

ఆటోనగర్_గేర్‌బాక్స్

"టక్" గురించి ఇంకో మాట. టక్‌తో పాటు ఎప్పుడైనా "ఘర్ర్" అని పళ్లు గీసుకున్న శబ్దం వస్తే ఫ్లైవీల్ రింగు పళ్లు చూడండి. 4 సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది, ఒకదానికి ఒకటి ఎదురెదురుగా. అందుకే రింగు చుట్టూతా కాకుండా ఆ రెండు చోట్లే పళ్లు అరుగుతాయి. గేరులో పెట్టి బండిని కాస్త ముందుకు తోస్తే సెల్ఫ్ పట్టుకుంటుందంటే కారణం అదే. రింగు మార్పు గేర్‌బాక్స్ దించినప్పుడే చేయాలి, ఆ ఒక్క పని కోసం మళ్లీ దించడం దండగ. క్లచ్ పని చేయించే ఎవరైనా ఆ రోజే రింగు పళ్లు, పైలట్ బేరింగ్, వెనక క్రాంక్ సీలు చూడమని అడగాలి.

8కి, 13కి తేడా గాలే. గేర్‌బాక్స్ దించినప్పుడు స్లేవ్‌ను ఊడదీసి వేలాడదీసి ఉంటారు. గాలి ఇలా తీయండి. రిజర్వాయరు నిండా డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్, మూత మీద ఏది రాసి ఉంటే అది. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. బ్లీడర్‌కు సన్న పారదర్శక గొట్టం తొడిగి, రెండో కొసను కాస్త బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. తొక్కి పట్టుకోమని చెప్పి, బ్లీడర్ పావు చుట్టు వదిలి, బిగించి, అప్పుడు పెడల్ వదలమనండి. 15, 20 సార్లు చేయాలి, ప్రతి ఐదుకోసారి రిజర్వాయరు నింపాలి. అందులో ఆయిల్ అడుగంటితే మళ్లీ మొదటికే వస్తుంది. పావు లీటరు సరిపోతుంది. ఈ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లు కొట్టండి.

ఇంత చేసినా కొలత 13కి రాకపోతే బ్లీడర్ బిగించి, స్లేవ్ రెండు బోల్టులూ విప్పి, పైపు ఊడదీయకుండానే పుష్‌రాడ్‌ను అరచేత్తో నెమ్మదిగా లోపలికి పూర్తిగా తోయండి. మొండిగా మిగిలిన బుడగ పైకి రిజర్వాయరులోకి వస్తుంది. రెండు మూడు సార్లు చేస్తే చాలు. స్లేవ్ విప్పి ఉన్నంతసేపు ఎవరూ పెడల్ తొక్కకూడదు, పిస్టన్ బయటికి ఎగిరి వస్తుంది.

పెడల్ దగ్గర మాస్టర్ పుష్‌రాడ్‌కు 1 నుంచి 3 మి.మీ. ఖాళీ కదలిక ఉంచండి. బాగా విడవాలని అది కూడా తీసేస్తే ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకుపోయి, లోడు మీద క్లచ్ జారి కొత్త ప్లేటు కాలిపోతుంది.

ఇక రెండో గేరు. గాలి తీశాక రివర్స్ నిశ్శబ్దంగా పడి, రెండు మాత్రం గీసుకుంటే అప్పుడు సింక్రో మాట. పరీక్షకు మూడు నుంచి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, కొంచెం రేస్ ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి రెండు వేయండి. అలా వేస్తే శబ్దం లేకపోతే సింక్రో రింగు అరిగింది. అలా వేసినా గీసుకుంటే క్లచ్ ఇంకా వదలడం లేదు. సింక్రోకి డబ్బు పెట్టేముందు గేర్ ఆయిల్ చూడండి. స్లిప్ యోక్ (గేర్‌బాక్స్ వెనక కొసలోకి జారి కూర్చునే జాయింటు) ఉన్న బండిలో ప్రొపెల్లర్ షాఫ్టు లాగినప్పుడు వెనక సీలు లోంచి ఆయిల్ కారుతుంది, చాలాచోట్ల దాన్ని మళ్లీ నింపరు.

---

డీజిల్_పంపు_పని

గేర్ ఆయిల్ అంటే 90 నంబరే కదా, హౌసింగ్‌లో (వెనక ఇరుసులో) పోసేదే గేర్‌బాక్స్‌లోనూ పోసేయొచ్చు అంటారు చాలామంది. నిజమేనా?

---

ఆటోనగర్_గేర్‌బాక్స్

నంబరు ఒకటే అయినా రకం వేరు. హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ జారుతాయి, దానికి జీఎల్-5 రకం ఆయిల్ కావాలి. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు ఇత్తడివి. అవి ఘర్షణతో పనిచేయాలి, కోన్‌ను పట్టుకుని వేగం సమం చేస్తేనే గేరు మెత్తగా పడుతుంది. జీఎల్-5లో గంధకం, ఫాస్ఫరస్ కలిసిన మందులు ఎక్కువ. చాలా రకాల్లో అవి రింగు పట్టును తగ్గిస్తాయి, ఇత్తడిని కూడా తింటాయి. గేర్‌బాక్స్‌కు మాన్యువల్‌లో వేరే చెప్పకపోతే జీఎల్-4, 80డబ్ల్యూ-90.

మార్చేటప్పుడు బండి 10 కి.మీ. నడిపి ఆయిల్ వెచ్చగా ఉండగా చేయండి. పక్కనున్న నింపే ప్లగ్గు ముందు విప్పాలి, కింది ప్లగ్గు ఆ తర్వాతే. పైది పట్టేసి రాకపోతే ఖాళీ గేర్‌బాక్స్‌తో ఇరుక్కుపోతారు. కారిన ఆయిల్ కొంచెం బొటనవేలు మీద రుద్ది ఎండలో పెట్టి చూడండి. పసుపుపచ్చ మెరుపు పలుచగా ఉంటే వయసుకు తగ్గ అరుగుదలే. ఇత్తడి రేకులు విడివిడిగా తగిలితే సింక్రో రింగు. తెల్లటి ఇనుప ముక్కలు, మాగ్నెట్ ప్లగ్గుకు అంటుకున్న చీలికలు వస్తే బేరింగ్ గానీ పళ్లు గానీ పోయినట్టు, అప్పుడు విప్పడం తప్పదు. బండి సమతలం మీద ఉంచి, నింపే రంధ్రం అంచు నుంచి ఆయిల్ పొర్లేదాకా పోయండి.

విప్పాల్సి వస్తే రింగును కోన్ మీద నొక్కి, రింగు పళ్లకూ గేరు పళ్లకూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టించండి. కొత్త రింగుకు సుమారు 1 మి.మీ. ఉంటుంది. 0.5కి దిగితే మార్చాలి. రెండో గేరుది మారిస్తే దాని స్లీవు, కీలు, స్ప్రింగులు కూడా చూడమనండి. స్లీవు లోపలి పళ్ల మొనలు గుండ్రంగా అరిగి ఉంటే కొత్త రింగు వేసినా గీసుకోవడం ఆగదు.